1,600 మంది వెతికితే 68 దొరికాయి: ఫ్లోరిడా కొండచిలువల చిక్కుముడి

2013 జనవరిలో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం ఒక పోటీ పెట్టింది. ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో కొండచిలువలను పట్టినవాళ్లకు బహుమతులు ఇస్తామంది. దాదాపు 1,600 మంది పేర్లిచ్చారు. నెల రోజులు గాలించారు. చివరికి లెక్క చూస్తే దొరికినవి 68.

అక్కడ పాములు తక్కువేమో అనుకుంటే పొరపాటే. అవి పదివేలకు తక్కువ ఉండవని, ఇంకా ఎన్నో రెట్లు ఉండొచ్చని పరిశోధకుల అంచనా. మరి అంతమంది కళ్లకు కనపడకుండా ఎలా ఉన్నాయి? ఎన్ని ఉన్నాయో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోవడం, ఎలా వచ్చాయన్న వాదన ఇప్పటికీ తెగకపోవడం, పూర్తిగా తీసేయడం కుదరకపోవడం, ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. ఆ పోటీ ఇప్పుడు ఏటా జరుగుతోంది, దాని వీడియోలు మన ఫోన్లలోకీ వస్తుంటాయి. వాటిలో కనిపించేది దొరికిన పాము. అసలు కథ దొరకని వాటిది.

ఇది మన కొండచిలువకు దగ్గరి చుట్టం

ఆ పాము పేరు బర్మా కొండచిలువ. మన ఈశాన్య రాష్ట్రాల నుంచి బంగ్లాదేశ్, మయన్మార్, థాయ్‌లాండ్, వియత్నాం, దక్షిణ చైనా దాకా దాని సొంత ఇల్లు. మన నల్లమలలో, పొలం గట్ల మీద అప్పుడప్పుడు కనిపించే భారతీయ కొండచిలువ వేరు. అయితే 2009 దాకా శాస్త్రవేత్తలు ఈ రెండింటినీ ఒకే జాతిలోని రెండు రకాలుగానే లెక్కేసేవారు. విషం ఉండదు. ఎరను పళ్లతో పట్టుకుని, చుట్టేసి, బిగించి చంపి మింగుతుంది.

సొంత గడ్డ మీద దాని పరిస్థితి బాగోలేదు. చర్మం కోసం, మాంసం కోసం వేటాడటం, అడవులు తగ్గడం వల్ల అంతర్జాతీయ జాబితాల్లో దాన్ని ముప్పు ముంగిట ఉన్న జాతిగా చేర్చారు. ఇక్కడ కాపాడాల్సిన పామును అక్కడ వెతికి చంపుతున్నారు. తప్పు పాములో లేదని చెప్పడానికి ఇది చాలు.

పరాయి జాతి వేరు, ఆక్రమణ జాతి వేరు

మిరపకాయ మనది కాదు. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వాళ్ల ద్వారా వచ్చింది. గుంటూరు పేరు చెబితే మిరప గుర్తొచ్చేంతగా మనదైపోయింది, కానీ చేను దాటి అడవిలోకి పోయి అక్కడి మొక్కలను చంపలేదు. గుర్రపుడెక్క కూడా పరాయిదే, దక్షిణ అమెరికాది. పూలు బాగున్నాయని తెచ్చారు. అది చెరువులూ కాలువలూ కమ్మేసి, నీటిలోకి వెలుతురు పోనీయక, చేపలకు ఊపిరాడనివ్వక ఏం చేసిందో కాలువ గట్టున పెరిగిన ఎవరికైనా తెలుసు.

మిరప పరాయి జాతి. గుర్రపుడెక్క ఆక్రమణ జాతి. మనిషి చేతుల మీదుగా కొత్త చోటికి రావాలి, ఎవరి సాయం లేకుండా అక్కడ సంతతిని పెంచుకోవాలి, ఆ చోటి జీవాలకో మనుషులకో గట్టి దెబ్బ తగలాలి. ఈ మూడూ జరిగితేనే ఆక్రమణ అంటారు. బయటికి వదిలేసిన పెంపుడు జంతువుల్లో చాలావరకు రెండో మెట్టు కూడా ఎక్కలేక చచ్చిపోతాయి. దక్షిణ ఫ్లోరిడాలో మాత్రం ఈ పాము మూడు మెట్లూ ఎక్కేసింది. దానికి కలిసొచ్చినవి ఏడాదంతా వెచ్చదనం, మోకాలి లోతు నీళ్లు, మనిషి ఎత్తు గడ్డి, ఇంత పెద్ద పామును ఎన్నడూ చూసి ఎరగని జంతువులు.

రెండడుగుల పిల్ల, పదిహేనడుగుల పాము

గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల రెండడుగులు ఉంటుంది. చేతికి చుట్టుకుంటుంది, సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది, చూడటానికి బాగుంటుంది. అందుకే పెంపుడు జంతువుల మార్కెట్లో గిరాకీ పెరిగింది. 1996 నుంచి 2006 మధ్య ఒక్క అమెరికాకే 90 వేలకు పైగా బర్మా కొండచిలువలు దిగుమతి అయ్యాయి. అక్కడే పొదిగించి అమ్మినవి వీటికి అదనం.

మూడేళ్లు తిరిగేసరికి అదే పిల్ల పదడుగులు దాటొచ్చు. ఎలుకలతో సరిపెట్టుకున్నది కుందేళ్లు అడుగుతుంది. గదంత పంజరం కావాలి. తీసుకెళ్తామనే వాళ్లు ఉండరు. పెంచిన చేతులతో చంపబుద్ధి కాదు. అలాంటప్పుడు కొందరు దాన్ని కారులో వేసుకుని ఊరి చివర కాలువ దగ్గర వదిలేశారు. దయ అనుకుని చేసిన పనే అది.

ఎవర్‌గ్లేడ్స్‌లో మొదటి బర్మా కొండచిలువ 1979లో కనిపించింది. అవి అక్కడ పిల్లలు పెడుతున్నాయని అధికారికంగా గుర్తించింది 2000లో. మధ్యలో ఏం జరిగిందన్న దాని మీదే రెండు కథలున్నాయి.

ఎక్కువమంది నోట వినిపించేది తుఫాను కథ. 1992 ఆగస్టులో ఆండ్రూ తుఫాను దక్షిణ ఫ్లోరిడాను అతలాకుతలం చేసినప్పుడు హోమ్‌స్టెడ్ దగ్గర పాములు పెంచే ఒక కేంద్రం కూలిపోయింది, అందులోవి చిత్తడిలోకి చేరాయి అంటారు. ఇంకో వాదన ప్రకారం 1980లలోనే ఎవర్‌గ్లేడ్స్ జాతీయ పార్కు దక్షిణపు కొసన కొన్ని పాములు స్థిరపడ్డాయి. దొరికిన పాముల వయసు, దొరికిన చోటు, సంఖ్య పెరిగిన వేగం వెనక్కి లెక్కగట్టిన పరిశోధకులు ఈ రెండో వైపే మొగ్గారు. తుఫాను మరికొన్నింటిని కలిపి ఉండొచ్చు. నాకు రెండోదే సబబుగా అనిపిస్తుంది. తుఫానే కారణమైతే అది ఒక్కరోజు ప్రమాదం, దాంతో ఎవరికీ బాధ్యత ఉండదు. ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా వదిలినవే కారణమైతే అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు, చూస్తూ ఊరుకున్న వ్యవస్థ అందరూ లెక్కలోకి వస్తారు.

రాత్రి రోడ్డు మీద లెక్కపెట్టిన జంతువులు

నష్టం కొలవడానికి పరిశోధకులు ఎంచుకున్న పద్ధతి చాలా మామూలుది. రాత్రిపూట పార్కు రోడ్ల మీద నెమ్మదిగా కారు నడుపుతూ, దారిలో కనిపించిన ప్రతి జంతువునూ రాసుకోవడం. 2003 నుంచి 2011 వరకు ఇలా వేల కిలోమీటర్లు తిరిగి, పాములు పెరగకముందు, అంటే 1996, 1997లలో రాసుకున్న లెక్కలతో పోల్చారు. 2012లో ఫలితాలు బయటికొచ్చాయి. కళ్ల చుట్టూ నల్ల మచ్చలుండే రకూన్లు అనే జంతువులు కనపడటం 99.3 శాతం తగ్గింది. సంచిలో పిల్లలను మోసే ఒపోసమ్‌లు 98.9 శాతం, అడవి పిల్లి జాతికి చెందిన బాబ్‌క్యాట్‌లు 87.5 శాతం తగ్గాయి. కుందేళ్లు, నక్కలు ఒక్కటీ కనపడలేదు.

99.3 శాతం అంటే అర్థమయ్యేలా చెప్పుకుందాం. ఇంతకు ముందు కొంత దూరం తిరిగితే 1,000 రకూన్లు కనిపించేవనుకోండి. ఇప్పుడు అంతే దూరం తిరిగితే 7 కనిపిస్తాయి.

దీని మీద న్యాయమైన అభ్యంతరం ఒకటి వచ్చింది. రెండు విషయాలు ఒకే కాలంలో జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం అయిపోదు. ఎవర్‌గ్లేడ్స్ నీటిని వందేళ్లుగా కాలువలు తవ్వి మళ్లిస్తూనే ఉన్నారు. నీటి మట్టాలు మారాయి, రోగాలు రావొచ్చు. పాము మీదే నింద వేయడం ఎంతవరకు సరి?

జవాబు కుందేళ్లు చెప్పాయి. చిత్తడి కుందేళ్లకు రేడియో పట్టీలు కట్టి పార్కులో వదిలారు. ఏ కుందేలు చనిపోయినా ఆ సిగ్నల్ పట్టుకుని వెళ్లి ఎలా చనిపోయిందో చూశారు. చాలాసార్లు సిగ్నల్ కొండచిలువ కడుపులోంచి వచ్చింది. ఏడాదిలోపు చనిపోయిన వాటిలో 77 శాతం పాముల నోట పడినవే. పాములు లేని ప్రాంతాల్లో కుందేళ్లను మామూలుగానే ఇతర జంతువులు తిన్నాయి. 2015లో వచ్చిన ఈ ఫలితం తర్వాత నీటి మార్పుల వాటా ఎంత అన్న చర్చ మిగిలే ఉన్నా, ప్రధాన కారణం పాము కాదనడం కష్టమైంది.

తిండి తగ్గితే తినేది కూడా తగ్గాలి కదా, పులి అయినా తోడేలైనా ఎర కరువైతే పలచబడుతుంది కదా అని అడగొచ్చు. కొండచిలువ శరీరం అలా పనిచేయదు. తన ఒంటి వేడి కోసం అది తిండి ఖర్చు పెట్టదు, ఎండ నుంచి తీసుకుంటుంది. నెలల తరబడి ఏమీ తినకుండా ఉండగలదు. ఎర దొరికిన రోజున కడుపు, కాలేయం, చివరికి గుండె కూడా పెరిగి అరిగించే పనిలో పడతాయి, పని అయ్యాక మళ్లీ తగ్గిపోతాయి. 52 కిలోల పాము ఒకటి 35 కిలోల జింకను మింగుతూ కనిపించింది. కుందేళ్లు అయిపోతే పక్షులు, పక్షులు కాకపోతే మొసలి పిల్లలు. ఏదో ఒకటి దొరికేదాకా ఓపిక పట్టగల జంతువు ఆకలితో తగ్గిపోతుందని ఆశించలేం.

దోమ దాకా పోయిన దెబ్బ

అక్కడ ఒక రకం దోమ ఉంది. ఎవర్‌గ్లేడ్స్ వైరస్ అనే జబ్బును మోసుకెళ్లేది అదే. ఒకప్పుడు ఆ దోమ జింకల నుంచి రకూన్ల దాకా రకరకాల జంతువుల రక్తం తాగేది. పెద్ద జంతువులు తగ్గిపోయాక దానికి ఎక్కువగా మిగిలింది పొలం ఎలుక లాంటి ఒక ఎలుక. 1979లో ఆ దోమలు తాగిన రక్తంలో ఈ ఎలుకల వాటా సుమారు 15 శాతం ఉంటే, 2016 నాటికి దాదాపు 77 శాతానికి చేరింది. ఆ వైరస్‌కు అసలు స్థావరం ఆ ఎలుకే. మనుషుల్లో కేసులు పెరిగాయని దీని అర్థం కాదు. వైరస్ తిరిగే దారి మాత్రం దగ్గరైంది.

ఆసియా నుంచి పాముతో పాటు దాని ఊపిరితిత్తుల్లో బతికే పురుగులాంటి పరాన్నజీవి ఒకటి వచ్చింది. ఇప్పుడది ఫ్లోరిడా స్థానిక పాముల్లోనూ కనిపిస్తోంది, కొండచిలువ ఇంకా చేరని చోట్ల కూడా.

మనుషుల మాటకొస్తే, ఫ్లోరిడాలో స్వేచ్ఛగా తిరుగుతున్న బర్మా కొండచిలువ ఎవరినైనా చంపిన దాఖలా లేదు. ఇళ్లలో పెంచిన పాముల వల్ల మరణాలు జరిగాయి. మయామీ, ఆర్లాండోల్లో ఉంటున్న మనవాళ్లు పిల్లలతో ఎవర్‌గ్లేడ్స్ వెళ్తే దారి పక్కన మొసళ్లు పుష్కలంగా కనిపిస్తాయి. కొండచిలువ కనపడటం చాలా అరుదు.

ఒకటి దొరికిందంటే ఎన్ని దాటిపోయినట్టు?

ముదురు గోధుమ రంగు మచ్చలు, వాటి మధ్య లేత రంగు గీతలు. గాజు పెట్టెలో చూస్తే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కుళ్లిన ఆకులు, బురద, ఎండుగడ్డి నీడలు కలిసిన చోట ఆ చర్మం అంచులు కలిసిపోతాయి. దగ్గర దగ్గరగా నడిచివెళ్లినా అది కదలదు. రేడియో పరికరం అమర్చిన పాము సిగ్నల్ పట్టుకుని దాని పక్కనే నిలబడి కూడా చూడలేకపోయిన పరిశోధకులున్నారు.

ఒక పాము ఉన్న చోట మనిషి వెతికితే అది కంటపడే అవకాశం నూటికి ఒకటి కంటే తక్కువని అంచనా. అంటే, వంద పాములున్న చోట తిరిగితే మహా అయితే ఒకటి కనపడుతుంది, 99 పక్కనే ఉండిపోతాయి. ఇప్పుడు 68 అంకెను మళ్లీ చూడండి. పాములు ఎన్నున్నాయో అది చెప్పదు, మన చూపు ఎంత తక్కువో చెబుతుంది.

దీనికి గుడ్ల లెక్క కలుపుదాం. ఊహకోసం ఒక ఆడపాము రెండేళ్లకోసారి 40 గుడ్లు పెడుతుందనుకుందాం. పదేళ్లలో 200 గుడ్లు. వాటిలో నూటికి ఒకటే పెద్దదైతే రెండు పాములు, అంటే తల్లికీ తండ్రికీ బదులు ఇద్దరు. సంఖ్య పెరగదు, తగ్గదు. నూటికి ఐదు బతికితే పది పాములు, ఒక తరంలోనే ఐదు రెట్లు. ఒకటికీ ఐదుకీ మధ్య ఉన్న ఆ చిన్న తేడా కొలవాలంటే పిల్ల పాములను వెతకాలి. పెద్దవే కనపడని చోట పిల్లలు ఎక్కడ దొరుకుతాయి? ఈ లోపు తల్లి గుడ్ల చుట్టూ చుట్టుకుని, కండరాలు వణికిస్తూ వాటిని వెచ్చగా ఉంచుతుంది. దాదాపు రెండు నెలలు అలాగే కాపలా కాస్తుంది.

2000 నుంచి ఇప్పటిదాకా 20 వేలకు పైగా పాములను తీసేశారు. ఆ అంకె పెద్దదే. మొత్తం ఎంతో తెలియనప్పుడు అది సగమో, పదో వంతో, అంతకన్నా తక్కువో చెప్పలేం. ఇప్పుడున్న పద్ధతులతో ఆ ప్రాంతమంతటి నుంచీ నిర్మూలించడం సాధ్యం కాదని అమెరికా భూగర్భ సర్వే సంస్థ 2023లో తేల్చి చెప్పింది.

ఉత్తరానికి పాకుతాయా?

2008లో రెండు అధ్యయనాలు దాదాపు ఎదురెదురు మాట చెప్పాయి. సొంత గడ్డ మీద ఈ పాము తట్టుకునే వానా ఎండా చూసి, అమెరికాలో మూడో వంతు ప్రాంతం దానికి సరిపోవచ్చని ఒకటి అంది. ఇంకొన్ని వాతావరణ అంశాలు కలిపి చూసి, దక్షిణ ఫ్లోరిడా దాటి పెద్దగా పోలేదని రెండోది అంది. మొదటిదాన్ని పర్యావరణవాదులు, రెండోదాన్ని పాముల వ్యాపారులు పట్టుకున్నారు.

2010 జనవరిలో ఫ్లోరిడాలో అసాధారణమైన చలి పడింది. రేడియో పరికరాలున్న పది పాముల్లో తొమ్మిది చచ్చిపోయాయి. రెండోవాళ్ల మాటే నెగ్గిందనిపించింది. కానీ బతికిన వాటి జన్యువులు పరిశీలిస్తే, చలి వచ్చిన ఆ కొద్ది కాలంలోనే తట్టుకునే లక్షణాల వైపు మార్పు కనిపించింది. ఒక్క చలికాలం ఎక్కువ పాములను చంపింది, మిగిలినవాటిని ఏరి పెట్టింది.

చట్టం ఆరేళ్లు ఆలస్యంగా వచ్చింది

దక్షిణ ఫ్లోరిడా నీటి నిర్వహణ సంస్థ 2006లోనే ఈ పామును హానికర జంతువుల జాబితాలో చేర్చమని కేంద్ర ప్రభుత్వాన్ని కోరింది. 1900 నాటి లేసీ చట్టం కింద ఆ జాబితాలో పడితే దిగుమతి ఆగుతుంది. చేర్చింది 2012లో, మరో మూడు పెద్ద పాములతో కలిపి. 2015లో ఇంకో నాలుగింటిని కలిపారు.

పెంపకందారుల వాదన కొట్టిపారేయదగ్గది కాదు. చలి ప్రాంతాల్లో వదిలినా ఈ పాము బతకదు, ఒక రాష్ట్రపు ఒక మూల సమస్యకు దేశమంతా నిషేధం ఎందుకు, చట్టానికి లోబడి బతుకుతున్న వేలమంది జీవనం ఏమవ్వాలి అన్నారు. వాళ్లు కోర్టుకు వెళ్తే, రాష్ట్రాల మధ్య రవాణాను ఆపే అధికారం ఆ చట్టం ఇవ్వదని 2017లో తీర్పు వచ్చింది. దిగుమతి నిషేధం మాత్రం నిలిచింది. ఎదుటి పక్షం మాట ఒక్కటే. హాని రుజువయ్యేదాకా ఆగితే, రుజువయ్యేసరికి చేయగలిగింది ఏమీ మిగలదు. 1979, 2000, 2012. ఈ మూడు సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాటకే బలం ఎక్కువని నా నమ్మకం.

మన దగ్గరి సంగతి

2018లో ఫ్లోరిడాలో పట్టిన సుమారు 400 పాముల డీఎన్‌ఏ చూసినప్పుడు 13 పాముల్లో భారతీయ కొండచిలువ ఆనవాళ్లు బయటపడ్డాయి. వాటి పూర్వీకుల్లో ఎక్కడో రెండు జాతులూ కలిశాయన్న మాట. బర్మాది తడి నేలను ఇష్టపడుతుంది, మనది మెట్ట నేలలోనూ ఉంటుంది. రెండు గుణాలూ కలిస్తే ఎక్కువ రకాల చోట్ల బతకొచ్చన్నది అక్కడి పరిశోధకుల టెన్షన్.

మన దేశంలో కొండచిలువను ఇంట్లో పెట్టుకోవడం నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దానికి మొదటి షెడ్యూల్ రక్షణ ఉంది. విదేశీ పాముల సంగతి చాలాకాలం ఎటూ తేలకుండా ఉండిపోయింది. ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్ పిల్లలు బ్యాంకాక్ నుంచి వచ్చే లగేజీలో చెన్నై ఎయిర్‌పోర్టులో ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. 2022లో చట్టాన్ని సవరించారు. 2024 నాటి నిబంధనల ప్రకారం వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం (సైటిస్) జాబితాలో ఉన్న విదేశీ జంతువు ఎవరి దగ్గరుంటే వాళ్లు నమోదు చేయించుకోవాలి. పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా, చేతులు మారినా చెప్పాలి.

కానీ ప్రతి జంతువూ ఆ జాబితాలో ఉండదు. అక్వేరియం గోడలకు పట్టిన నాచు తింటుందని కొనే చేప పెద్దదయ్యాక కాలువలోకి వెళ్లింది. ఇప్పుడు కృష్ణా, గోదావరి జిల్లాల జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. గరుకు పొలుసులతో వలలు చింపుతుంది, కొనేవాళ్లు లేరు. పాము అయినా చేప అయినా వదిలిన చెయ్యి చేసిన పని ఒక్కటే.

ఇరుల వాళ్ల చూపు, రేడియో పాము దారి

2017 జనవరిలో తమిళనాడు నుంచి మాసి సదయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు ఇరుల తెగ పాములవాళ్లను ఫ్లోరిడా పిలిపించుకుంది. తర్వాత 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. అక్కడివాళ్లు ట్రక్కుల మీద లైట్లు పెట్టుకుని గట్ల వెంట తిరుగుతుంటే వీళ్లు దిగి నడిచారు. పాము కోసం కాకుండా పాము వదిలిన గుర్తుల కోసం చూశారు. నలిగిన గడ్డి, నేల మీద ఒరుసుకుపోయిన జాడ, రెట్ట, కుబుసం. మొదటి ఎనిమిది రోజుల్లో 13 పాములు పట్టారు. అందులో 16 అడుగుల ఆడపాము కీ లార్గో ద్వీపంలో పాడుబడ్డ క్షిపణి స్థావరంలో దొరికింది.

మనిషి కన్ను చాలదని ఒప్పుకున్న చోట మరో పద్ధతి పుట్టింది. నైరుతి ఫ్లోరిడాలోని ఒక సంరక్షణ సంస్థ 2013 నుంచి మగ పాములను పట్టి, ఒంట్లో చిన్న రేడియో పరికరం పెట్టి తిరిగి వదులుతోంది. జతకట్టే చలికాలంలో ఆ మగపాము గడ్డిలో దాక్కున్న ఆడపామును తానే వెతుక్కుంటూ పోతుంది. వెనకాలే మనుషులు వెళ్తారు. 2021 డిసెంబరులో ఒక మగపాము అలా తీసుకెళ్లి చూపించింది దాదాపు 18 అడుగుల పొడవు, 98 కిలోల బరువున్న ఆడపామును. కోసి చూస్తే కడుపులో జింక గిట్టలు కనిపించాయి, ఎదుగుతున్న గుడ్లు 122 ఉన్నాయి. ఆడపాములను తీసేసి, ఇలా దారి చూపే మగపాములను మాత్రం మళ్లీ అదే గడ్డిలోకి వదులుతారు, ఇంకోదాన్ని వెతికి పెడతాయని.